లోపల ఏమీ మోగదు

ఫైరింజన్లు నిలిపే షెడ్డు మీద ఒక పొడవాటి హాలు ఉంది. ఊరి బ్యాండు వాళ్ళు వారానికి రెండు సాయంత్రాలు అక్కడే సాధన చేస్తారు. కింద సైరన్ మోగిందంటే చాలు, డ్రమ్ములు వాయించే ఇద్దరూ కర్రలు కుర్చీల్లో పారేసి దడదడా మెట్లు దిగిపోతారు. వాళ్ళ అసలు ఉద్యోగం మంటలార్పడం. మిగిలినవాళ్ళు డ్రమ్ములు లేకుండానే కానిచ్చేస్తారు. ఆ హాల్లో మొదటి వరసలో ఎడంపక్క చివరి కుర్చీ పొట్టక్కది.

ఆ పేరు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు. మనిషి పొట్టి. పైగా ఎవరికి ఏ ఇబ్బంది వచ్చినా ముందు ఆవిడ దగ్గరికే పోతారు, అందుకని అక్క. ఆవిడ కంటే పెద్దవాళ్ళు కూడా అలాగే పిలుస్తారు. పగలంతా కళ్ళజోళ్ళ దుకాణంలో పని. అద్దాన్ని ఫ్రేములో ఇమిడేలా అరగదీయడం, వంగిపోయిన కాడల్ని సరిచేయడం, ముక్కు మీద ఒరుసుకుంటోందని వచ్చినవాళ్ళకి ఒరుసుకోకుండా చేసి పంపడం. సాయంత్రం క్లారినెట్. పెళ్ళికి ముందు నుంచీ ఆ కుర్చీ ఆవిడదే. కొత్త నొటేషన్ ముందు పెడితే మొదటిసారికే తడబడకుండా ఊదేస్తుంది. పక్కవాళ్ళు తమ కాగితం వదిలేసి ఆవిడ వేళ్ళ వంక చూసేవాళ్ళు.

బ్యాండును నడిపేది మాస్టారు. సన్నగా, చువ్వలా ఉండే మనిషి. కోపం వస్తే గొంతు పెంచరు, తగ్గిస్తారు. ఆయన నోట ఎప్పుడూ ఒకటే మాట: "ముందు లోపల వినండి. తర్వాత ఊదండి." పొట్టక్క ఆ మాటను ఏనాడూ పట్టించుకోలేదని కాదు. ఒళ్ళు దగ్గర పెట్టుకోమంటే ఎవరూ ఒంటిని తెచ్చి పక్కన పెట్టుకోరు కదా. ఇదీ అలాంటి మాటే, శ్రద్ధగా ఉండమని అర్థం, అనుకుని తలూపేది.

ఆ ఏడాది నది మీద కొత్త వంతెన పూర్తి కావచ్చింది. ప్రారంభం రోజున వాయించడానికి మాస్టారు తనే సొంతంగా ఒక పాట కట్టారు. మాటలు లేని పాట, మొత్తం బ్యాండు కోసం. ఎవరి భాగం వాళ్ళకి చేత్తో రాసి పంచిపెట్టారు. ఇక సాధన మొదలుపెట్టాలనగా ఒక పొద్దున గడ్డం గీసుకుంటూ అద్దం ముందే కూలబడిపోయారు. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు స్వాధీనం తప్పాయి. మాట మాత్రం దక్కింది.

మాస్టారిని ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చారని తెలిసిన రోజునే కెప్టెన్ కళ్ళజోళ్ళ దుకాణానికి వచ్చాడు. కెప్టెన్ అంటే ఫైర్ స్టేషన్ అధికారి. బ్యాండులో అన్నిటికంటే పెద్ద బాకా, ట్యూబా, ఊదుతాడు, బ్యాండు మంచిచెడ్డలు కూడా ఆయనే చూస్తాడు.

"పొట్టక్కా, నువ్వే నిలబడాలి," అన్నాడు.

"ఎక్కడ?"

"మా అందరి ముందు. మాస్టారి చోట."

"బాగుంది. నేను నిలబడితే వెనక వరసకి కనబడతానా?"

"స్టూలు చేయిస్తాంలే."

ఆ మాటకి నవ్వింది గానీ లోపల సంతోషం పొంగింది. ఇంటికెళ్ళి అత్తగారితో చెప్పింది. "అత్తయ్యా, నన్ను కండక్టర్‌ని చేశారు."

అత్తగారు చిక్కుడుకాయలు తుంచుతూ తలెత్తింది. "ఏ బస్సుకే?"

మర్నాడు మాస్టారింటికి వెళ్ళింది. కిటికీ పక్కన మంచం మీద దిండ్లకి ఆనుకుని కూర్చోబెట్టారు ఆయన్ని. మాట ముద్దముద్దగా వస్తోంది.

"నిన్న మొత్తం ఒకసారి నడిపించానమ్మా," అన్నారు.

"అప్పుడే నడవకూడదన్నారుగా డాక్టరు?"

"నడవడం కాదు. పాట. మొదట్నించీ చివరిదాకా విన్నాను. మూడో భాగంలో ట్యూబా మరీ బరువైపోతోంది. కెప్టెన్‌ని తగ్గించమను."

పొట్టక్క గదంతా కలయజూసింది. రేడియో కూడా లేదు. "ఎవరు వాయించారు మాస్టారూ?"

"ఎవరు వాయిస్తారు? ఇక్కడే," అని ఎడమ చేత్తో నుదురు చూపించారు.

"ఆహా, గుర్తు తెచ్చుకున్నారా?"

"ఇంతవరకూ ఎవరూ వాయించని దాన్ని గుర్తెలా తెచ్చుకుంటాను? విన్నానంటున్నాను. నువ్వు వినవూ?"

పొట్టక్క ఆయన నుదురు వంక చూసింది. మాస్టారు ఇంకోలా అడిగారు. "మన హాలు కింద సైరన్ ఉంది కదా. కళ్ళు మూసుకుని తలచుకో. వినిపిస్తోందా?"

"తలచుకున్నాను."

"వినిపిస్తోందా అని?"

"మోగనిదే ఎలా వినిపిస్తుంది?"

"పోనీ, ఎలా ఉంటుందో తెలుసా?"

"ఎందుకు తెలీదు! కింద నుంచి మెల్లగా ఎక్కుతుంది, పైన కాసేపు నిలబడుతుంది, జారుతుంది." అలా అని నోరు తెరిచి, సైరన్ ఏ శ్రుతిలో లేస్తుందో ఆ శ్రుతిలోనే లేచి, ఎక్కడ నిలుస్తుందో అక్కడ నిలిచి, దిగింది. వంటింట్లోంచి మాస్టారి భార్య గరిటెతో సహా పరిగెత్తుకొచ్చింది.

"ఏం లేదు పిన్నిగారూ, నేనే," అంది పొట్టక్క.

మాస్టారు ఆవిడనే చూస్తున్నారు. "నోరు తెరిచే ముందు నీకేం వినిపించింది?"

"ఏమీ లేదు. పాడాక వినిపించింది."



ఇంటికొచ్చాక పొట్టక్కకి మనసు మనసులో లేదు. భోజనాల దగ్గర భర్తని అడిగింది. ఆయన స్కూల్లో ఆటల టీచరు, పాడాడంటే కూతురు చెవుల్లో వేళ్ళు పెట్టుకుని పక్కగదిలోకి పోవలసిందే. అంత బాగా పాడతాడు.

"ఏమండీ, మీ బుర్రలో పాటలు వినిపిస్తాయా?"

"వినిపించకేం? పొద్దున్నుంచీ ఒకటే పట్టుకుంది, వదలట్లేదు."

"అంటే, నిజంగా వినిపిస్తుందా? మాట వరసకి కాదు?"

"నిజంగానే. వెనకాల వయొలిన్లతో సహా." పొట్టక్క నోరెళ్ళబెట్టడం చూసి, కొంచెం సిగ్గుపడుతూ, "లోపల బ్రహ్మాండంగా ఉంటుందే. నోటిదాకా వచ్చేసరికే దారిలో ఏదో అవుతుంది," అన్నాడు.

కూతురు అందుకుంది. "నాకు పరీక్ష హాల్లో కూడా సబ్బు ప్రకటన పాట తిరుగుతూనే ఉంటుంది. నీకు తిరగదా అమ్మా? ఎంత అదృష్టం!"

అత్తగారు మజ్జిగ తాగి గ్లాసు కింద పెట్టింది. "అందులో వింతేముంది? మీ మామయ్య పోయి ఇన్నేళ్ళయిందా, ఇప్పటికీ పొద్దున్నే ఆయన గొంతు సవరించుకోవడం నాకు వినిపిస్తుంది."

"గుర్తొస్తుందా అత్తయ్యా, వినిపిస్తుందా?"

"వినిపిస్తుందే పిల్లా. గుర్తు రావడం వేరు."

గిన్నెలు కడుగుతూ పొట్టక్క వాళ్ళమ్మను తలచుకుంది. అమ్మ పోయి చాలాకాలమైంది. అమ్మ గొంతు ఎలా ఉండేదో ఆవిడకి బాగా తెలుసు. కొంచెం బొంగురు, పిలిచేటప్పుడు చివర సాగదీసేది, ఆ సాగదీత ఎక్కడ విరిగేదో కూడా తెలుసు. తెలియడం వరకే. వినిపించింది మాత్రం ఏమీ లేదు, కుళాయి చప్పుడు తప్ప. పోయినవాళ్ళ గొంతు చెవుల్లో మోగుతోందని జనం అనగా ఎన్నిసార్లు వినలేదు! అదీ ఒక మాట తీరేననుకుంది. తీరా చూస్తే అందరి ఇళ్ళలోనూ పోయినవాళ్ళు మాట్లాడుతూనే ఉన్నారు. తన దగ్గరే నోరు మూసుకున్నారు. కళ్ళనీళ్ళు తిరిగాయి. అమ్మ మీద కోపం కూడా వచ్చింది, ఎందుకో తెలియకుండానే.

కుళాయి కట్టేసింది. గొంతు కొంచెం బిగించి, అమ్మ పిలిచినట్టే పిలిచింది. "అమ్మాయ్, ఎక్కడున్నావే?"

వంటింట్లో అమ్మ గొంతు నిలబడింది. ఆ బొంగురు, ఆ సాగదీత, ఆ విరుపు. పొట్టక్క చేతిలో గిన్నె జారి తొట్లో పడింది.

ముందు గదిలోంచి అత్తగారు కేకేసింది. "ఎవరే అది? అచ్చం మీ అమ్మ వచ్చినట్టుంది!"

"నేనే అత్తయ్యా," అంది పొట్టక్క. ఇంకోసారి పిలుద్దామనుకుని, ఊరుకుంది.

రెండు రోజుల తర్వాత కెప్టెన్ మళ్ళీ దుకాణానికి వచ్చాడు. ఈసారి నిలబడలేక, కూర్చోలేక అవస్థపడ్డాడు. "మాస్టారు ట్రంపెట్ లెక్చరర్‌ని నిలబెట్టమంటున్నారు," అన్నాడు. కాలేజీలో పాఠాలు చెప్పే ఆయన బ్యాండులో ట్రంపెట్ ఊదుతాడు.

"ఎందుకంట?"

"నీకు లోపల వినిపించదంట కదా. కళ్ళు కనబడనివాడి చేతికి స్టీరింగ్ ఇచ్చినట్టు, అన్నారు. ఆ గొడవ నాకు తెలీదు పొట్టక్కా. లెక్చరర్ నిలబడితే ట్రంపెట్ ఎవరు ఊదుతారన్నదే నా గొడవ."

పొట్టక్కకి ఒళ్ళు మండిపోయింది. చేతికి అద్దాల పొడి ఉండగానే, ముందు కట్టుకున్న గుడ్డ కూడా విప్పకుండా మాస్టారింటికి వెళ్ళింది.

"ఇన్నేళ్ళు మీ కళ్ళముందు ఊదాను. ఒక్క స్వరం తప్పన్నారా?"

"అనలేదు."

"మరి ఈ మాటేమిటి మాస్టారూ?"

మాస్టారు గొంతు తగ్గించారు. కోపమో, నీరసమో తెలియలేదు. "నీ పాట నువ్వు ఊదడం వేరమ్మా. పాతిక మంది పాట ఒక్క కాగితం మీద చూసి, అదంతా కలిస్తే ఎలా మోగాలో ముందే తెలిసి నిలబడటం వేరు. నీకే తెలియకపోతే వాళ్ళకేం చెప్తావ్?"

పొట్టక్కకి ఆ ప్రశ్నలో తప్పేమీ కనబడలేదు. "నాకు తెలీదు. కనుక్కుంటాను," అనేసి వచ్చేసింది.

ఆ సెలవు రోజున మొత్తం బ్యాండు భాగాలన్నీ ఉన్న కాగితాలు బల్ల మీద పరిచి కూర్చుంది. కాగితం చూసినప్పుడు తనలో ఏం జరుగుతోందని మొదటిసారిగా గమనించుకుంది. క్లారినెట్ వరస మీద కన్ను పడగానే బల్ల కింద వేళ్ళు కదిలాయి. పెదవులు బిగిశాయి. పొట్టలోంచి ఊపిరి లేచి గొంతు దగ్గర ఆగింది. శబ్దం ఒక్కటే లేదు, మిగిలినదంతా సిద్ధం. కిందకి, ట్యూబా వరస మీదకి చూపు దించితే ఏమీ లేదు. వట్టి సిరా చుక్కలు.

అయితే ఆ చుక్కలు కూడా ఒంట్లోకి ఎక్కాలి, అంతే కదా అనుకుంది.

ఆ వారమంతా దుకాణం కట్టేశాక ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళింది. ఫైర్ స్టేషన్ వెనక గొట్టాలు ఆరబెట్టే చోట కెప్టెన్ చేత ట్యూబా భాగం ఊదించుకుంది. కాలేజీలో, కుర్చీలు బోర్లించిన తరగతి గదిలో లెక్చరర్ చేత ట్రంపెట్ ఊదించుకుంది. ఫ్లూట్ వాయించే టైలరమ్మ కుట్టుమిషను ఆపి, ఒళ్ళో గుడ్డ తీయకుండానే వాయించి పెట్టింది. వాళ్ళు ఊదుతుంటే పొట్టక్క వాళ్ళ భుజాలు చూసేది, ఎక్కడ లేస్తున్నాయో, ఎక్కడ దిగుతున్నాయో. తర్వాత తను పాడేది, ఆ భాగం తన గొంతులో కుదురుకునే దాకా. దారిలో పాడేది, మెట్ల మీద పాడేది. "మా ఆవిడకి ట్యూబా పట్టింది," అని భర్త పక్కింటివాళ్ళకి చెప్పుకున్నాడు.

ట్రంపెట్ దగ్గర ఒక చిక్కు వచ్చింది. రెండో భాగంలో ఒక పొడవాటి వరస ఉంది. అది పూర్తయ్యేసరికి లెక్చరర్ ముఖం కందగడ్డలా అయింది.

"ఇక్కడ ఊపిరి ఎక్కడ తీసుకోవాలి?" అని అడిగింది.

"రాయలేదు," అన్నాడు రొప్పుతూ.

"రాయకపోతే తీసుకోరా? చస్తారు." పెన్సిలు తీసి, ఆ వరస కాస్త విరిగినా ఫరవాలేదనిపించిన చోట చిన్న గీత పెట్టింది. అలాంటివి ఇంకా ఉన్నాయేమోనని వెతికితే చాలా దొరికాయి. కాగితం నిండా గీతలు పడ్డాయి.

మొదటి సాధనకి ఆవిడనే నిలబెట్టి చూద్దామన్నాడు కెప్టెన్. ఆ రోజున స్టూలెక్కి చెయ్యి ఎత్తింది. పాతిక మంది ఒక్కసారిగా ఊదేసరికి, ఇన్నాళ్ళూ విడివిడిగా గొంతులో మోసినదంతా ఎదురుగా వచ్చి మీద పడింది. గుక్క తిప్పుకోవడానికి కాస్త పట్టింది. అయినా చెయ్యి ఆగలేదు. పాట పడుతూ లేస్తూ చివరికి చేరింది. అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వారు.

కెప్టెన్ అప్పుడు చావు కబురు చల్లగా చెప్పాడు. తన ఫోను కుర్చీ మీద ఉంది, మాస్టారు అవతల మొదట్నించీ వింటున్నారు.

ఫోనులోంచి మాస్టారి గొంతు వచ్చింది. "రెండో కార్నెట్. మూడో భాగం మొదలు. అదేం స్వరం?"

ట్రంపెట్ కంటే పొట్టిగా ఉండే కార్నెట్ ఊదే ఇద్దరిలో రెండో ఆయన కాగితం చూసి చెప్పాడు.

"అది కాదు. ఒక మెట్టు కిందది. నేనే తప్పు రాసుంటాను."

పొట్టక్క తన కాగితం చూసింది. అందులోనూ అదే తప్పు. ఆ భాగం ఎన్నిసార్లు పాడుకుందో లెక్కలేదు, ఒక్కసారి కూడా అనుమానం రాలేదు. కాగితం మీద ఏది ఉంటే ఆవిడకి అదే పాట. ఎవరూ ఊదకముందే విన్న మనిషికి తప్ప అది తప్పని తెలిసే దారి లేదు. ముఖం చిన్నబోయింది. దిద్దుకుని మళ్ళీ వాయించారు. ఆ చోటు ఒక్కసారిగా తేటపడింది. ఆ తేడా విన్నాక, ఆయన లెక్చరర్‌ని ఎందుకు అడిగారో ఆవిడకి పూర్తిగా అర్థమైంది.

మర్నాడు వెళ్ళి మాస్టారి ముందు కాగితాలు పెట్టింది. "మీరన్నది నిజమే. అది నేను పట్టలేను. మీరు ఫోనులో వింటూనే ఉండాలి. కానీ ఇవి చూడండి," అని పెన్సిలు గీతలు చూపించింది.

మాస్టారు ఒక్కొక్క గీతా చూస్తూ వెళ్ళారు. చివరిది చూశాక, "నా లోపల ఊదేవాళ్ళకి ఊపిరితిత్తులు లేవమ్మా," అన్నారు. నవ్వబోతే నోరు ఒక పక్కకే వెళ్ళింది. "ఉంచు. అన్నీ ఉంచు."

దిండు మీద వాలి, కళ్ళు మూసుకుని అన్నారు. "ఇంకో సంగతి. డాక్టరుకి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఈ జబ్బు చేసినప్పట్నించీ ఆ పాట ఆగట్లేదు."

"ఆగట్లేదంటే?"

"తిరుగుతూనే ఉంది. అన్నం తినేటప్పుడూ అదే, మనిషి మాట్లాడుతున్నా అదే. నిద్ర లేదు. మాత్ర ఇచ్చారు. దానికి నాకు మత్తొస్తోంది గానీ బ్యాండుకి రావట్లేదు." కళ్ళు తెరిచారు. "నీ లోపల నిజంగా ఏమీ ఉండదా? ఎలా ఉంటుంది అది?"

"ఏమీ లేకపోవడం ఎలా ఉంటుందని చెప్పను మాస్టారూ? నాకు ఇంకోలా తెలిస్తే కదా."

"హాయిగా ఉంటుందా?"

పొట్టక్క నిజాయితీగా ఆలోచించింది. "మొన్నటిదాకా ఎలానూ లేదు. మొన్న మా అమ్మ విషయంలో బాధేసింది," అంది.

ఆయన మళ్ళీ కళ్ళు మూసుకున్నారు. ఏం చేయాలో తోచక పొట్టక్క తన వెంట ఉన్న పెట్టె తెరిచి క్లారినెట్ బిగించింది. పాటలేమీ ఎత్తుకోలేదు. పిల్లలకి మొదటి రోజున నేర్పే పొడవాటి స్వరాలు, ఒకటి తర్వాత ఒకటి, మెత్తగా ఊదింది. నాలుగైదు స్వరాలయ్యాక మాస్టారు ఎడమ చెయ్యి ఎత్తారు. "నువ్వు ఊదుతుంటే అది వినబడట్లేదు," అన్నారు, ఆశ్చర్యంగా. ఇంకాసేపటికి ఆ చెయ్యి దుప్పటి మీదకి జారింది. నోరు కొంచెం తెరుచుకుంది. పొట్టక్క ఆపబోయింది. గుమ్మంలో నిలబడ్డ మాస్టారి భార్య రెండు చేతులూ జోడించి, ఆపొద్దని సైగ చేసింది. కిటికీలో ఎండ గోడ దాకా జరిగింది. పెదవులు మొద్దుబారే దాకా ఊదింది.

అప్పట్నించీ ఇంటికెళ్ళే ముందు రోజూ ఒకసారి అక్కడ ఆగేది. ఆవిడ ఊదేది, ఆయన నిద్రపోయేవారు. దాని గురించి ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోలేదు.

వంతెన ప్రారంభం రోజున నది మీద గాలి ఎక్కువగా ఉంది. కాగితాలు ఎగిరిపోకుండా బట్టల క్లిప్పులు పెట్టారు. మాస్టారిని చక్రాల కుర్చీలో తెచ్చి ముందు వరసలో కూర్చోబెట్టారు. పొట్టక్క కంగారులో అనుకున్నదానికంటే వేగంగా ఎత్తుకుంది. టైలరమ్మ కళ్ళు పెద్దవి చేసింది. డ్రమ్ముల వాళ్ళు మంటల దగ్గర నిదానం నేర్చినవాళ్ళు, మెల్లగా వెనక్కి లాగి దారిలో పెట్టారు. రెండో భాగంలో పొట్టక్క గీత పెట్టిన చోట లెక్చరర్ ఊపిరి తీసుకున్నాడు. అక్కడ ట్రంపెట్ క్షణంపాటు ఆగి మళ్ళీ లేచింది. మూడో భాగంలో కెప్టెన్ బుద్ధిగా తగ్గించాడు. జనం చప్పట్లు కొట్టారు, తర్వాత ఉపన్యాసాలు మొదలయ్యాయి.

పొట్టక్క స్టూలు దిగి మాస్టారి దగ్గరికి వెళ్ళింది.

"నేను విన్నది ఇది కాదు," అన్నారాయన.

ఆవిడ చక్రాల కుర్చీ పక్కన కూర్చుంది.

"మొదలు పరిగెత్తించావు. ఫ్లూటు సగం గాలికే పోయింది. రెండో భాగం నేననుకున్నంత బరువుగా లేదు." ఆగి, గుక్క తిప్పుకున్నారు. "ఇందాకట్నించీ లోపల ఇదే తిరుగుతోంది. మీరు వాయించినదే, ఆ పరుగుతో సహా. నాది పోయింది."

"పోయిందా? అయ్యో!"

"అయ్యో ఏమిటి? పాతదాంతో విసిగి చచ్చాను. ఇదైతే మధ్యమధ్యలో ఊపిరి తీసుకుంటోంది." మళ్ళీ నోరు ఒక పక్కకి వెళ్ళింది. "నీకు? ఏమైనా మిగిలిందా?"

పొట్టక్క నది వైపు చూసింది. వంతెన మీద జనం నడవడం మొదలుపెట్టారు. "ఏమీ లేదు మాస్టారూ. అయిపోయింది. మళ్ళీ వినాలంటే మళ్ళీ వాయించాలి."

"అయితే వాయించండి," అన్నారు.

ఆయనకి ఆ తిరుగుడు నెలలు గడిచే కొద్దీ సన్నగిల్లి, ఒకనాటికి తనంతట తనే ఆగిపోయింది. కర్ర పట్టుకుని హాలు మెట్లెక్కడం నేర్చుకున్నారు గానీ, మళ్ళీ అందరి ముందు నిలబడలేదు. వెనక కూర్చుని తప్పులు పడతారు. కొత్త పాట కడితే ముందు పొట్టక్కకే చూపిస్తారు. ఊపిరి గుర్తుల దగ్గర ఇద్దరికీ ప్రతిసారీ వాదన అవుతుంది.

ఆవిడకి ఒక్కటే కష్టంగా ఉండేది. నిలబడి చెయ్యి ఊపేవాళ్ళకి ఊదే వీలు లేదు. పొద్దుగూకేసరికి వేళ్ళు ఊరుకోవు. చివరికి కెప్టెన్‌తో తెగేసి చెప్పింది, వారంలో ఒక సాయంత్రమే నిలబడతానని, రెండోది లెక్చరర్‌కి ఇచ్చి తన కుర్చీ తనకి వదలమని. అందరూ ఒప్పుకున్నారు. మంగళవారం నిలబడుతుంది, శుక్రవారం కూర్చుని ఊదుతుంది. ఏది ఎక్కువ ఇష్టమని కూతురు అడిగితే, ఆలోచించకుండా శుక్రవారమే అంది.